రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీ చేశాక కోర్టు జప్తు చేయవచ్చా? ఇంట్లో సామాను మాటేమిటి?

మెట్లదారి
మనీ డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు తీర్పు) అయింది, దాన్ని అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేశారు, బాకీదారు (జేడీఆర్) పేరున బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ కనబడింది అనుకోండి. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి వచ్చిన డబ్బు అది. గార్నిషీ పిటిషన్ (బాకీదారు డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్ల నుంచి, ఇక్కడ బ్యాంకు నుంచి, రాబట్టే పిటిషన్) వేసి పట్టుకోవచ్చనే నా వాదన. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60వ సెక్షన్ జప్తు నుంచి కాపాడేది ఫండ్‌లోనో యాజమాన్యం దగ్గరో ఉన్న డబ్బుని. చేతికొచ్చి ఎఫ్‌డీ అయ్యాక దానికీ మామూలు పొదుపుకీ తేడా ఏముంది? పీఎఫ్ బకాయిలు ఉద్యోగికి చెల్లించేదాకా వాటి స్వభావం మారదని 1976లో జ్యోతి చిట్‌ఫండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చెల్లించాక మారుతుందనేగా!

పాతఫైలు
అక్కడే దారి తప్పారు. చెల్లించాక సంగతి ఆ కేసులో తేల్చాల్సిన ప్రశ్న కాదు. అది తేల్చింది 2008లో, పంజాబ్ నేషనల్ బ్యాంక్ ఒక పక్షంగా ఉన్న కేసులో. పెన్షన్, గ్రాట్యుటీ రిటైరైన మనిషి చేతికి అందినా, ఎఫ్‌డీగా మారినా వాటి స్వభావం పోదు, 60(1)లోని జి క్లాజు రక్షణ కొనసాగుతుంది అని సుప్రీంకోర్టు స్పష్టంగానే అంది. మీ 9 లక్షల్లో గ్రాట్యుటీ వాటా మీద చెయ్యి వేయలేరు.

మెట్లదారి
గ్రాట్యుటీ వరకు ఒప్పుకుంటాను. పీఎఫ్ మాత్రం జి క్లాజు కాదండీ, కె క్లాజు. 60కి ఉన్న మొదటి వివరణ జి, హెచ్, ఐ వగైరా క్లాజుల పేర్లు చెప్పి వాటికి అదనపు రక్షణ ఇచ్చింది. ఆ జాబితాలో కె లేదు. 1952 నాటి పీఎఫ్ చట్టం 10వ సెక్షన్ కూడా ఫండ్‌లో సభ్యుడి ఖాతాలో నిలవ ఉన్న మొత్తం గురించే మాట్లాడుతుంది. విత్‌డ్రా చేసుకున్న పీఎఫ్ మీద వాదనకు చోటుంది.

పాతఫైలు
చోటుంది, కాదనను. 2008 తీర్పు ఊపు మాత్రం జేడీఆర్ వైపే ఉంటుంది. ఏదైనా చివరికి తేలేది కాగితం మీద. పీఎఫ్ ఎంత, గ్రాట్యుటీ ఎంత, ఏ తేదీన ఖాతాలో పడ్డాయి, ఏ తేదీన ఎఫ్‌డీ వేశారు అన్నవి పాస్‌బుక్‌లో వరసగా కనబడాలి. భూమి అమ్మిన సొమ్ము కూడా అదే ఖాతాలో కలిసిపోయి ఉంటే, ఇందులో నా గ్రాట్యుటీ ఉంది అన్న ఒక్క మాటతో పని జరగదు.

గుమాస్తాగిరి
ఎఫ్‌డీలున్న జేడీఆర్‌లు ఎందరండీ! ఎక్కువ ఈపీల్లో అమీనా (జప్తు అమలుచేసే కోర్టు ఉద్యోగి) వెళ్లేది ఇంటికి. అక్కడి సంగతి చెప్పుకుందాం.

కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు జేడీఆర్‌వైనా, భార్యాపిల్లలవైనా ముట్టకూడదు. మతాచారం ప్రకారం స్త్రీ తీసేయకూడని నగ కూడా అంతే. మంగళసూత్రం అందులోకి వస్తుంది. నెక్లెసులు, వంకీలు రావు. కానీ ఆ నెక్లెసు భార్య సొంతమైతే అసలు అది జేడీఆర్ ఆస్తే కాదు, అది వేరే దారి. ఆర్డరు 21 రూలు 58 కింద ఆమె పేరున క్లెయిమ్ పిటిషన్ వేయాలి, బిల్లులు జతచేయాలి. వేలం అయిపోయాక వేస్తే కోర్టు తీసుకోదు.

ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషిన్, సోఫా జప్తు చేయవచ్చు. గ్యాస్ స్టవ్ పాత్రల కిందికి వస్తుందా అని వాదించుకోవచ్చు గానీ ఫ్రిజ్ రాదు. కుట్టుమిషను దర్జీది అయితే పనిముట్టు, దాన్ని వదిలేయాలి. లెక్కల పుస్తకాలూ అంతే.

సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు ఇంట్లోకి అడుగుపెట్టకూడదు (62వ సెక్షన్). జేడీఆర్ ఉంటున్న ఇల్లై ఉండి, అతను లోపలికి రానివ్వకపోతేనే వీధి తలుపు పగలగొట్టవచ్చు. ఒకసారి లోపలికి వచ్చాక గది తలుపుకి ఆ పట్టింపు లేదు, సామాను ఉందని నమ్మే కారణం ఉంటే చాలు. అప్పులవాళ్ల తరఫున బైకుల మీద వచ్చే రికవరీ ఏజెంట్లకు వీటిలో ఒక్క అధికారమూ లేదు. చేతిలో వారెంటు ఉందా అని అడగండి.

నాగలిమేడి
రైతు ఇల్లు జప్తు కాదని ఊళ్లో అందరూ అంటారు. నిజమేనా?

గుమాస్తాగిరి
ఇల్లు నిజం, భూమి కాదు. అతను ఉంటున్న ఇల్లు, దాన్ని ఆనుకున్న స్థలం, నాగలి వంటి పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు మినహాయింపు. పొలానికి 60వ సెక్షన్‌లో మినహాయింపు లేదు. రైతు అంటే స్వయంగా సాగుచేస్తూ ముఖ్యంగా ఆ ఆదాయం మీదే బతికేవాడు. సొంతంగా కూలీలను పెట్టి చేయించినా స్వయంసాగే, పంటలో వాటాకి ఇచ్చేస్తే కాదు. ఇల్లు తనఖా పెట్టి ఉంటే కథ మారుతుంది. తనఖా డిక్రీలో అమ్మకానికి అటాచ్‌మెంట్ (జప్తు) అక్కర్లేదు, కాబట్టి 60 అడ్డురాదు.

అన్నట్టు, ఈ మినహాయింపులు నాకొద్దు అని ప్రోనోటు మీద ముందే రాయించుకునే తెలివిగల షావుకార్లున్నారు. ఆ రాత చెల్లదు. 60(1ఏ) చూడండి.

మెట్లదారి
జీతం జప్తు ఇంతకంటే సులువు కదా, నెలనెలా వస్తుంది.

పాతఫైలు
సులువే, కానీ గీత ఉంది. మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టకూడదు. నెలకు 40,000 జీతమైతే 39,000లో 13,000 మాత్రమే మీకు వస్తుంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టాక, ఆ డిక్రీకి ఆ జీతం శాశ్వతంగా మినహాయింపు. అంటే 3,12,000 దగ్గర ఆగిపోతారు. 8 లక్షల డిక్రీ ఉన్నవాళ్లు మిగతాది వేరే ఆస్తి మీద చూసుకోవాలి. భరణం డిక్రీకి లెక్క వేరు, అక్కడ మూడో వంతే మినహాయింపు, మిగతా రెండొంతులు పట్టవచ్చు. కూలివాళ్ల, ఇంటి పనివాళ్ల కూలి అసలే ముట్టకూడదు.

నాగలిమేడి
బ్యాంకు వాళ్లు పెన్షన్ పడే ఖాతా మొత్తం ఆపేస్తే?

పాతఫైలు
తరచూ జరిగేదే. ఉత్తర్వులో పరిమితి రాసి ఉండదు, బ్యాంకు ఎందుకొచ్చిన తంటా అని మొత్తం హోల్డ్ పెడుతుంది. మేనేజరుతో వాదించి లాభం లేదు, ఉత్తర్వు మార్చాల్సింది ఈపీ విచారిస్తున్న కోర్టే. పెన్షన్ పేమెంట్ ఆర్డరు నకలు, ఏడాది స్టేట్‌మెంటు జతచేసి, అటాచ్‌మెంట్ ఎత్తేయమని అదే ఈపీలో పిటిషన్ వేయాలి. ప్రతి పెన్షన్ ఎంట్రీ కింద పెన్సిల్‌తో గీత గీసి ఇవ్వండి, జడ్జిగారికి వెతుక్కునే పని తప్పుతుంది. డీహెచ్ఆర్ (డిక్రీ పొందినవాడు) డబ్బు డ్రా చేసుకోకముందే ఇది జరగాలి. ఆ తర్వాత తిరిగి రాబట్టడానికి ఇంకో పిటిషన్, ఇంకో ఏడాది.