‘అన్నీ’ అంటే ఎక్కడివన్నీ?

ప్రోగ్రాముల కోడ్‌లోని మార్పులను నమోదు చేసి ఉంచే సాధనం గిట్. దాని ఆదేశాల వివరణలను తెలుగు చేస్తున్న మిత్రులొకరు, మార్పులను తర్వాతి నమోదుకు చేర్చే ‘గిట్ యాడ్ --ఆల్’కు “ఫైళ్లన్నిటినీ చేరుస్తుంది” అని రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా అభిప్రాయం.

ఇన్ని, అన్ని, ఎన్ని అనేవి ఒకే వరుసలోని మాటలు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ అన్నవాటిలో లాగే వీటిలోనూ మొదటి అక్షరం చూపుడువేలి పని చేస్తుంది. ‘అన్ని’ అన్నది ‘సమస్తం’ అనే అర్థంలో స్థిరపడినా, “నాకు అన్ని వద్దు” అన్నప్పుడు ఆ చూపే గుణం ఇప్పటికీ వినిపిస్తుంది. కాబట్టి హద్దు చెప్పకుండా ‘అన్నీ’ అంటే, చదివేవారిలో కొందరు తామున్న డైరెక్టరీనే (ఫోల్డర్‌నే) హద్దుగా తీసుకుంటారు, మరికొందరు ప్రాజెక్టు మొత్తమనుకుంటారు.

గిట్‌లోనూ ఒకప్పుడు ఈ చిక్కే ఉండేది. 2014లో వచ్చిన గిట్ 2.0 వెర్షన్‌కు ముందు, ఉపడైరెక్టరీలో ఉండి దారి (ఫైలు లేదా డైరెక్టరీ ఉన్న చోటు) చెప్పకుండా ‘గిట్ యాడ్ --ఆల్’ ఇస్తే అది ఆ డైరెక్టరీనీ దాని లోపలివాటినీ మాత్రమే చూసేది. మార్పులను నమోదు చేసే ‘గిట్ కమిట్ --ఆల్’ మాత్రం, గిట్‌కు ముందే తెలిసిన ఫైళ్ల వరకే అయినా, ప్రాజెక్టు మొత్తాన్నీ చూసేది. ‘డాక్స్’, ‘సోర్స్’ అనే రెండు డైరెక్టరీల్లో ఒక్కో ఫైలు మార్చి, డాక్స్‌లో ఉండగా ‘యాడ్ --ఆల్’ ఇచ్చి ఉత్త ‘కమిట్’ చేస్తే, కోడ్ మారకుండా దాని వివరణ ఒక్కటే మారిన కమిట్ తయారయ్యేది. 2.0 నుంచి ‘యాడ్ --ఆల్’ ప్రాజెక్టు మొత్తానికీ వర్తిస్తోంది. ఉన్నచోటికే పరిమితం కావాలంటే చివర చుక్క పెట్టాలి.

ఈ మార్పు సరైనదే, ఎందుకంటే గిట్‌లో ఒక్కో కమిట్ ప్రాజెక్టు మొత్తం స్థితిని నమోదు చేస్తుంది. అయితే తెరపై చూపే దారులు మాత్రం మనమున్న చోటి నుంచి మొదలు కావాలి: డాక్స్‌లో ఉండి, మారిన ఫైళ్లను చూపే ‘గిట్ స్టేటస్’ అడిగితే ‘../సోర్స్/మెయిన్.సి’ అని కనిపిస్తుంది, దాన్ని అలాగే తీసి తర్వాతి ఆదేశానికి ఇవ్వవచ్చు. గిట్‌కు తెలియని ఫైళ్లను తుడిచేసే ‘గిట్ క్లీన్’ మాత్రం మనమున్న డైరెక్టరీ దాటి పైకి వెళ్లదు. అది తుడిచేసిన ఫైళ్లు గిట్ దగ్గర ఉండవు కనుక ఆ జాగ్రత్త అవసరమే. గిట్ లాంటిదే అయిన మరో సాధనం సబ్‌వర్షన్‌లోనైతే దారి చెప్పని కమిట్ కూడా ఉన్న డైరెక్టరీకే వర్తిస్తుంది కాబట్టి, అక్కడి వివరణను ఇక్కడ వాడుకోలేము.

కనుక ‘యాడ్ --ఆల్’కు “ప్రాజెక్టులో మార్చినవీ, కొత్తవీ, తొలగించినవీ అయిన ఫైళ్లన్నిటినీ నమోదుకు సిద్ధం చేస్తుంది” అనీ, చుక్కకు “ఇక్కడివీ, దీని లోపలివీ” అనీ రాయమని నా సూచన. ‘ప్రస్తుత డైరెక్టరీ’ అన్న వాడుకను కూడా మానుకోవాలని కోరుతున్నాను. ‘ప్రస్తుత’ అన్నది కాలాన్ని సూచించే మాట. ఈ వివరణల్లోనే ‘ప్రస్తుత వెర్షన్’ అని కూడా రాస్తాము గనుక, చదివేవారు దాన్ని ఇప్పటి వెర్షన్‌లోని డైరెక్టరీ అని పొరబడే వీలుంది. ‘మీరున్న డైరెక్టరీ’ అంటే ఆ సందేహం రాదు.