నా పైథాన్ లైబ్రరీ 0.4.0 వెర్షన్ పాడైంది, డిలీట్ చేశాను, మళ్ళీ అదే నంబర్ తీసుకోవట్లేదు

అక్షరాల_లెక్క

నేను చదివింది బీకాం, పైథాన్ సొంతంగా నేర్చుకున్నాను. మా నాన్న పద్యాలు రాస్తారు. ఆయన కోసం మూడేళ్ళ కింద ఒక చిన్న లైబ్రరీ మొదలుపెట్టాను. తెలుగు మాట ఇస్తే అక్షరాలుగా విడగొడుతుంది. "శ్రీ" పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 4 అంటుంది (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం). "స్త్రీ" అయితే 6. మనకేమో రెండూ ఒక్కో అక్షరమే. ఆ లెక్క సరిచేయడమే నా కోడ్ పని.

శుక్రవారం రాత్రి పదకొండున్నరకి 0.4.0 వదిలి పడుకున్నాను. పొద్దున లేచేసరికి రెండు ఇష్యూలు (వాడేవాళ్ళు పెట్టిన ఫిర్యాదులు). మొదటిది: అంకెల్ని మాటల్లోకి మార్చే ఫంక్షన్ పిలిస్తే ఫైల్ లేదంటోంది. చూస్తే పట్టికల జేసన్ ఫైల్ వీల్‌లోకి (ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఫైల్) ఎక్కనే లేదు. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎడిటబుల్ ఇన్‌స్టాల్, అది సోర్స్ ఫోల్డర్‌లోని ఫైల్‌నే చదువుకుంటుంది కాబట్టి టెస్టులన్నీ పాసయ్యాయి. టెన్షన్‌లో పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే సైట్) రిలీజ్ డిలీట్ చేసి, సరిచేసి, మళ్ళీ 0.4.0గా ఎక్కించబోతే ఆ ఫైల్ పేరు ఇదివరకే వాడేశారంటోంది. గిట్ ట్యాగ్‌ని (కోడ్ చరిత్రలో ఆ వెర్షన్‌కి పెట్టిన గుర్తు) కూడా కొత్త కమిట్ మీదికి జరిపి ఫోర్స్ పుష్ చేద్దామనుకుంటున్నాను. చెయ్యొచ్చా?

రెండోది: ఇదివరకు "సంత"ని స, సున్నా, త అని మూడు ముక్కలు చేసేదాన్ని. ఇప్పుడు సం, త అని రెండే. అదే కదా సరైనది! కానీ ఎవరిదో ప్రోగ్రాం పాడైందట. దీనికి 0.4.1 చాలా, 0.5 అనాలా?

పాత_టెర్మినల్

ఆ నంబర్ మీద ఆశ వదిలేసుకోండి. పైపీఐలో ఒకసారి ఎక్కిన ఫైల్ పేరు, డిలీట్ చేసినా సరే, మళ్ళీ రాదు. కావాలనే అలా పెట్టారు. ఆ కాసేపట్లో దించుకున్నవాళ్ళ లాక్ ఫైల్‌లో (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉంచే ఫైల్) పాత వీల్ హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటిది, ఉంటుంది. అదే పేరుతో వేరే సరుకు వస్తే వాళ్ళకి ఇన్‌స్టాల్ ఆగిపోతుంది, హ్యాష్ చూడనివాళ్ళకైతే తేడా వచ్చినట్టే తెలీదు.

ఇంకోసారి డిలీట్ జోలికి పోకండి, యాంక్ చేయండి. పెప్ 592 అనే పైథాన్ ప్రతిపాదనతో 2019లో వచ్చిన పద్ధతి అది. యాంక్ చేసినదాన్ని పిప్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) మామూలుగా ఎంచుకోదు, ==0.4.0 అని కచ్చితంగా రాసుకున్నవాళ్ళకి మాత్రం దొరుకుతుంది. కారణం కూడా ఒక ముక్క రాయొచ్చు.

ట్యాగ్ అస్సలు కదపకండి. పాత ట్యాగ్ తెచ్చుకున్నవాళ్ళ దగ్గర మామూలు ఫెచ్‌తో అది మారదు. మీ 0.4.0 ఒకటి, వాళ్ళ 0.4.0 ఒకటి అవుతుంది. గిట్ మాన్యువల్ చెప్పేదీ ఇదే, తప్పయిందని ఒప్పుకుని వేరే పేరు పెట్టమని. సున్నా సంగతంటారా, సెమ్‌వెర్ (వెర్షన్ నంబర్లు ఇవ్వడానికి పెట్టుకున్న నియమాలు) ప్రకారం 0తో మొదలయ్యే వెర్షన్‌లో ఎప్పుడు ఏదైనా మారొచ్చు. మీ తప్పేం లేదు.

గణవిభజన

ఆ రెండో ఇష్యూ పెట్టింది నేనేనండి.

ఛందస్సు చూసే చిన్న ప్రోగ్రాం నాది. సున్నా విడిగా కనిపిస్తే దాని ముందు అక్షరాన్ని గురువు చేస్తుంది, తర్వాత సున్నాల్ని తీసేసి లెక్కపెడుతుంది. ఇప్పుడు సున్నా సంలో కలిసిపోయేసరికి అది లఘువైపోయింది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలూ సరిగ్గానే వస్తున్నాయి, భ ర న భ భ ర వ మాత్రం కుదరట్లేదు. లెక్క కుదిరింది కాబట్టి కోడ్‌ని వదిలేసి రాత్రి రెండు గంటలు నా పద్యాన్నే అనుమానించాను.

నేను ~=0.3 అని రాసుకున్నాను, అది 0.4ని కూడా రానిస్తుంది. ~=0.3.0 అని ఉంటే 0.3 దగ్గరే ఆగేది. అంతవరకు నాదే తప్పు. కానీ పాత_టెర్మినల్ గారూ, సెమ్‌వెర్ చెప్పే సున్నా కొత్తగా మొదలుపెట్టినవాటికి. మూడేళ్ళు జనం వాడాక కూడా సున్నాలోనే ఉన్నాం, మా ఇష్టం అంటే ఎలా? వెర్షన్‌లో సున్నా ఉంచుకుని మా పద్యంలో సున్నా లాగేశారు.

పాత_టెర్మినల్

ఒప్పుకున్నాను 😀 పాత పద్ధతినే డిఫాల్ట్‌గా ఉంచి, కొత్తది అడిగినవాళ్ళకి ఇస్తే సరి.

పైకి_దగ్గరగా

ఒక నంబర్ పోయిందని బాధెందుకండీ. క్నూత్ గారు తన టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం టెక్ వెర్షన్ నంబర్‌కి ఒక్కో సవరణకి పై (π) విలువలోని ఒక్కో అంకె చేరుస్తూ 3.141592653 దాకా వచ్చారు. అంకెలు అయిపోయేవి కావు.

అక్షరాల_లెక్క

ట్యాగ్ జరపలేదు. ఇందాకే 0.4.1 వదిలాను: జేసన్ ఫైల్ ఉంది, సున్నా మళ్ళీ విడిగానే, కలిపి కావాలంటే ఒక ఆర్గ్యుమెంట్ ఇవ్వాలి. డిఫాల్ట్ మార్చడాన్ని 0.5.0ఆర్‌సీ1గా (ముందుగా పరీక్షించడానికి వదిలే ప్రీ-రిలీజ్) పెట్టాను. ప్రీ-రిలీజ్ కావాలని అడిగితే తప్ప పిప్ దాన్ని తీసుకోదు కాబట్టి గణవిభజన గారు నిదానంగా చూడొచ్చు. ఈసారి వీల్ కట్టి, కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎక్కించి, టెస్టుల ఫోల్డర్ ఒక్కటే వేరేచోటికి కాపీ చేసి అక్కడి నుంచి నడిపాను. అలా నడిపితే ఇంకో ఫైల్ కూడా ఎక్కలేదని బయటపడింది!

నాన్నకి ఇదంతా చెబితే ఒకటే అడిగారు: "మూడేళ్ళ నుంచి సున్నాని అక్షరం అని లెక్కపెడుతోందా అది?"