రెండు వేల ఏళ్ల తర్వాత మనవాళ్లు నిజంగా అంతా మరిచిపోతారా?

సైనిక్‌పురి పాఠకుడు:
రసెల్ హోబన్ 1980లో రాసిన 'రిడ్లీ వాకర్' నవల పూర్తిచేశాను. అణుయుద్ధంలో నాగరికత కూలిపోయాక రెండు వేల ఏళ్లు దాటిన కాలం. చోటు ఇంగ్లండ్‌లోని కెంట్. కథ చెప్పేది పన్నెండేళ్ల కుర్రాడు. అక్కడి మనుషులు బురద తవ్వి పాత యంత్రాల ఇనుము బయటికి తీస్తుంటారు. ఆ పనిలోనే ఒక యంత్రం కింద నలిగి ఆ పిల్లాడి తండ్రి చనిపోతాడు. ప్రభుత్వమంటే ఊరూరా తిరిగి బొమ్మలాట ఆడించే ఇద్దరు పెద్దమనుషులు. గతం గురించి జనానికి తెలిసిందంతా ఆ బొమ్మలాట చెప్పిన కథే. సెయింట్ యూస్టేస్ అనే క్రైస్తవ సాధువు చిత్రం గురించి మన కాలంలో రాసిన వివరణ ఒకటి పాలకుడి చేతికి చిక్కుతుంది. అందులో పాత శక్తిని మళ్లీ తయారుచేసే పద్ధతి దాగుందని నమ్మి, మాటమాటకూ రసాయనాల అర్థం తీస్తాడు. ఆ చిత్రం నిజంగానే ఉంది, కాంటర్బరీ కథీడ్రల్ గోడ మీద, పదిహేనో శతాబ్దం నాటిది. హోబన్‌కు నవల ఊహ దాన్ని చూసినప్పుడే పుట్టింది.

నాతో చదివినవాళ్లు "ఇంత మరుపు అతి, మనుషులు ఇంతగా మరిచిపోరు" అంటున్నారు. నేను ఒప్పుకోను. ఇదే నవలను హైదరాబాద్‌లో పెట్టి రాసినా మరుపు ఇంతే ఉండాలి. కాదనేవాళ్లు చెప్పండి.

మల్కాజిగిరి నుంచి:
నేను కాదంటాను. అది కెంట్‌లో చెల్లుతుందేమో గానీ మన దగ్గర చెల్లదు. మనది నోటితో మోసుకొచ్చిన చదువు. పదం, క్రమం, జట, ఘనం అని ఒకే మంత్రాన్ని ఇన్ని రకాలుగా వల్లె వేయించి, మూడు వేల ఏళ్లు స్వరం కూడా తప్పకుండా తెచ్చారు. కాగితం, కరెంటు, సర్వర్లు ఏవీ లేకుండానే తెచ్చారు కదా. అలాంటి చోట కథ పెట్టి అందరినీ ఏమీ తెలియనివాళ్లుగా చూపిస్తే నేను నమ్మలేను.

మౌలాలి పాఠకురాలు:
మీరు ఇచ్చిన ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుందండీ. స్వరం వచ్చింది, నిజమే. అర్థం మాటేమిటి? క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందే యాస్కుడు నిరుక్తమనే అర్థవివరణ గ్రంథం రాయాల్సి వచ్చింది, వేదంలోని మాటలు అప్పటికే అర్థం కాకుండా పోతున్నాయి గనక. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుడి వాదం కూడా అందులోనే ఉంది. పలుకు మిగిలి, అర్థం కోసం పండితులు కొట్టుకోవడం. హోబన్ నవలలో జరిగేది అదే.

ఇంకా దగ్గరికి రండి. మా మౌలాలి వైపూ, అటు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనూ ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివి ఎన్నో. రెండు వేల ఏళ్లు దాటినవి. వాటిని జనం ఏమన్నారు? రాక్షస గుళ్లు అన్నారు. అంతంత బండలు మామూలు మనుషులు ఎత్తలేరు కాబట్టి రాక్షసులే కట్టి ఉంటారని కథ అల్లుకున్నారు. కట్టింది మనుషులే, బహుశా మన పూర్వీకులే. అణుబాంబు పడలేదు, ఈ నేల మీద మనుషులు లేకుండా పోలేదు. అయినా ఎవరు కట్టారో, లోపల ఎవరున్నారో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

అశోకుడి రాతలదీ ఇదే దారి. పద్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ రెండు స్తంభాలను ఢిల్లీకి తెప్పించి చదివించాలని చూస్తే, చదవగలిగినవాడు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని చదివేదాకా అవి మూగరాళ్లే. ఈలోగా జనం వాటిని భీముడి కర్రలన్నారు. పైగా మధ్యలో రాజ్యాలున్నాయి, పండితులున్నారు, రాసుకునే అలవాటు ఒక్క తరమూ ఆగలేదు. అన్నీ ఉండగానే ఇంత మరుపు వస్తే, అన్నీ కూలాక ఎంత రావాలి?

ఉప్పల్ సివిల్ ఇంజినీర్:
మరుపు సంగతి మీరు తేల్చుకోండి. వస్తువుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇలాంటి కథల్లో ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే. హైటెక్ సిటీ టవర్లు శిథిలాలుగా నిలబడి ఉంటాయని రాస్తారు. ఉండవు. కాంక్రీటులోకి తేమ వెళ్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాంతో కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. మరమ్మతు లేకపోతే రెండు వేల ఏళ్ల దాకా అక్కర్లేదు, అందులో చిన్న వంతు చాలు. 1591 నాటి చార్మినార్‌కు తుప్పు భయం లేదు గానీ, దానికి శత్రువు రావి మొక్క. గచ్చు సందుల్లో మొలిచిన దాన్ని ఎప్పటికప్పుడు పీకేవాళ్లు లేకపోతే వేళ్లే గోడను విడదీస్తాయి.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఈ ఊరు ఇప్పుడు తాగేది ఎక్కువగా కృష్ణ, గోదావరి, మంజీర నీళ్లు. దూరం నుంచి పంపులతో ఎత్తి తెస్తున్నవి. కరెంటు పోయిన వారానికే ఈ జనాభాకు ఇక్కడ బతుకు లేదు. మిగిలేది కుంటల పక్కన, బావుల పక్కన నాలుగు గూడేలు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు తీసేవాళ్లు ఉండరు. ఏదో ఒక వానాకాలం నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. కుతుబ్ షాహీల నాటి హుస్సేన్ సాగర్ మట్టికట్టకూ గండి తప్పదు. అప్పుడు సాగర్ ఉండదు, మూసీలోకి పారే వాగు ఒకటి ఉంటుంది.

ఆ వాగు పక్కన బుద్ధుడు మాత్రం నిలబడే ఉండొచ్చు. ఏకశిల, గ్రానైట్. 1990లో పడవ మీద తీసుకెళ్తుండగా మునిగి, రెండేళ్లు సాగర్ అడుగున పడుకుని, 1992లో చెక్కుచెదరకుండా పైకి వచ్చిన విగ్రహం అది. అప్పటి మనుషులు ఏ చెరువూ లేని పల్లంలో ఒంటరిగా నిలబడ్డ ఆ పెద్దాయన్ని చూసి ఏ కథ చెప్పుకుంటారో, నవల అక్కడ మొదలుపెట్టొచ్చు. అప్పటికాయన మనిషి కాదు, మౌలాలి అక్క చెప్పిన రాక్షసుల్లో ఒకడు.

కూకట్‌పల్లి, సొంతూరు నిజామాబాద్ జిల్లా:
మా జిల్లా కోనసముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదేం? మూసల్లో కరిగించి తీసిన అక్కడి ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. ఆ విద్య పందొమ్మిదో శతాబ్దంలో పోయింది. ఎవరూ చావలేదు, ఊరు ఎక్కడికీ పోలేదు. ఫ్యాక్టరీ ఇనుము చవగ్గా వచ్చింది, కొలిమి ఆరింది, కొడుకు నేర్చుకోలేదు. అంతే. తర్వాత ఆ ఉక్కు తయారీ మళ్లీ పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లు తంటాలు పడ్డారు. రెండు వేల ఏళ్లు దేనికి, రెండు తరాలు చాలు.

మల్కాజిగిరి నుంచి:
కోనసముద్రం మాట నన్ను ఆలోచింపజేసింది. అయితే నా వాదన వదలను, కొంచెం జరుపుతాను. చేతిపని పోవచ్చు. కడుపు నింపే లెక్క పోదు. రైతులు కార్తెలు మరిచిపోరు. రోహిణిలో దుక్కి, మృగశిరలో విత్తనం. ఇది పుస్తకంలో ఉన్నందుకు కాదు, తప్పితే పస్తులు గనక మిగులుతుంది. హైదరాబాద్ నవల రాస్తే అందులో కార్తెలు తెలిసిన ముసలమ్మ ఉండాలి.

సైనిక్‌పురి పాఠకుడు:
ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ ఆమె చెప్పేది తప్పవుతుంది, నాకు టెన్షన్ పుట్టించేది అదే. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించే కాలం. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువులకూ మధ్య దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. రెండు వేల ఏళ్లకు ఇంచుమించు నెల. ఇప్పుడు జూన్ మొదటి వారం దాటగానే వస్తున్న మృగశిర, అప్పుడు జూలైలో వస్తుంది. రుతుపవనాలు ఇప్పటిలాగే వస్తే, ముసలమ్మ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకున్న లెక్కతో విత్తినవాడు అదును దాటాక విత్తినట్టే.

మౌలాలి పాఠకురాలు:
ఇక్కడ మాత్రం మీతో విభేదిస్తాను. మా నాన్న రైతు. ఏ రైతూ కార్తె పేరు విని విత్తడు, పదును చూసి విత్తుతాడు. వానకూ కార్తెకూ తేడా వస్తుంటే తరతరానికీ కొంచెం కొంచెం సర్దుకుంటూనే వస్తారు, నెల తేడా ఒక్కరోజులో మీద పడదు కదా. వచ్చే ప్రమాదం వేరు. కార్తె చెప్పే హక్కు ఒక గుంపు చేతిలో ఉండి, మేం చెప్పకముందు విత్తితే శిక్ష అన్నరోజు ఆకలి వస్తుంది. హోబన్ పాలకులు బొమ్మలాటను గుప్పిట్లో పెట్టుకున్నది అందుకే. హైదరాబాద్ నవలలో నాకు ఆ గుంపు కావాలి. వాళ్లకు ఎదురుగా, నేల తడి చూసి ముందే విత్తేసిన ఒక మనిషి కావాలి. మీ ముసలమ్మ ఎటువైపు నిలబడుతుందో మీరే చెప్పండి.