రక్తపోటులో ‘పోటు’ ఎక్కడిది?

అందరికీ నమస్కారం. బీపీ గురించి తెలుగులో ఒక కరపత్రం రాసే పని నా నెత్తిన పడింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘రక్తపోటు ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా తెలియదు’ అని రాసి మా అత్తయ్యకి చదివి వినిపిస్తే, ‘పోటు అంటూ ఉంటే బాధ తెలియకపోవడం ఏమిటే?’ అంది. నిజమే కదా! తలపోటు, గుండెపోటు, కత్తిపోటు, వెన్నుపోటు... పోటు అన్నాక నొప్పి లేకుండా ఎలా? ఈ మాట ఎలా కుదిరింది? దీని బదులు ఏం రాయమంటారు?

*జవాబు (తెలుగు పాఠాలు చెబుతాను):*
పోటు ‘పొడుచు’ నుంచి వచ్చింది. పొడవడం అంటే గుచ్చడమే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం కదా. సముద్రపు ఆటుపోట్లలో పోటు అంటే నీరు పొంగడం. ఆ అర్థంలో తీసుకుంటే రక్తపోటు చక్కని మాటే. గుండె ముడుచుకున్నప్పుడు నాళాల్లో రక్తం పొంగుతుంది, సడలినప్పుడు తగ్గుతుంది. 120/80 అన్నారంటే 120 పోటు, 80 ఆటు అనుకోవచ్చు.

*జవాబు (నర్సుని):*
మాస్టారూ, మీ సముద్రం బాగుంది కానీ మా వార్డులో ఆ అర్థం ఎవరికీ తట్టదండీ. ‘పోటు తగ్గిందమ్మా, అందుకే మాత్ర ఆపేశా’ అంటారు. తగ్గింది తలనొప్పి. కొలిస్తే బీపీ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంకో రకం వాళ్లు ‘నాకే టెన్షనూ లేదు, బీపీ ఎందుకొస్తుంది?’ అంటారు. బీపీ ఎక్కువగా ఉండటాన్ని ఇంగ్లీషులో హైపర్‌టెన్షన్ అంటారు కదా. ఆ హైపర్‌టెన్షన్‌లో టెన్షన్ అంటే దిగులు కాదు, బిగువు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతుంది.

*జవాబు (అనువాదాలు చేస్తాను):*
ఇది తెలుగువాళ్ల తంటా ఒక్కటే కాదు. 1980లో డాన్ బ్లూమ్‌హేగన్ అనే పరిశోధకుడు అమెరికాలో ఈ జబ్బుకి మందులు వాడుతున్నవారిని కదిపితే, వాళ్లలోనూ చాలామంది హైపర్‌టెన్షన్‌ని ‘ఎక్కువ టెన్షన్’ అనే అర్థం చేసుకున్నారని తేలింది. ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లకే ఆ గతి! అందుకని నేను ‘రక్తపీడనం’ వాడతాను.

*జవాబు:*
‘అల్పపీడనం’ అని రాసి చూడండి, గొడుగు పట్టుకుని వస్తారు.

*జవాబు:*
తేలిక తెలుగులో ‘రక్తపు ఒత్తిడి’ అంటే సరిపోదా?

*నర్సు:*
ఒత్తిడి అనగానే ‘ఆఫీసులో ఒత్తిడి ఎక్కువండీ’ అని మొదలుపెడతారు. మళ్లీ టెన్షన్ దగ్గరికే వచ్చాం! ‘బీపీ’ అనే ఉంచండి. అదీ నిర్దోషి కాదనుకోండి. ‘నాకు బీపీ తెప్పించకు’ అంటే కోపం. ‘మీకు బీపీ ఉందా?’ అని అడుగుతాం, అసలు బీపీ లేనివాడు బతికుంటాడా? కాబట్టి ‘ఉంది, లేదు’ వద్దు, ‘ఎక్కువగా ఉంది’ అని రాయండి. రాశాక నలుగురికి వినిపించండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడక్కండి, మొహమాటానికి అందరూ ఊ అంటారు. ‘ఇంటికెళ్లి మీవాళ్లకి ఎలా చెబుతారు?’ అని అడగండి. ఎక్కడ తప్పు రాశారో అప్పుడు బయటపడుతుంది.

*మొదట అడిగినదాన్ని:*
మాస్టారి ఆటుపోట్లు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు, కానీ తీసేశాను. ఇలా రాశాను:

‘వేర్వేరు రెండు రోజుల్లో కొలిచినా పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మీ బీపీ ఎక్కువగా ఉన్నట్టు. తలనొప్పి లేకపోయినా, మనసులో ఏ దిగులూ లేకపోయినా బీపీ ఎక్కువగా ఉండొచ్చు. అలాగే వదిలేస్తే గుండె, మెదడు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఒంట్లో బాగున్నా డాక్టరుకి చెప్పకుండా మందు ఆపకండి.’

అత్తయ్యని నర్సుగారు చెప్పినట్టే అడిగాను. మూడు వాక్యాలు సరిగ్గా అప్పజెప్పింది. చివరిదానికి వచ్చేసరికి, ‘అంటే డాక్టరుకి ఒక మాట చెప్పేసి ఆపెయ్యొచ్చన్నమాట’ అంది.

*నర్సు:*
ఆవిడని మా వార్డుకి పంపండి, మా కాగితాలన్నీ చదివిద్దాం. ‘ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా రోజూ వేసుకోండి’ అని మార్చి, మళ్లీ ఆవిడకే వినిపించండి.