వరుస నంబర్ల పాత రూపాయి కట్టలోంచి 786 నోటు తీయొచ్చా?

చిక్కపేట మనవడు:
మా తాతయ్య బెంగళూరు చిక్కపేటలో బట్టల కొట్టు నడిపారు. మొన్న ఆయన ఇనప్పెట్టె సర్దుతుంటే అడుగున రూపాయి నోట్ల కట్ట ఒకటి దొరికింది. వంద నోట్లు, ఒక్కటీ వాడింది కాదు. నోటు మీద 1978 అని ఉంది, సంతకం మన్మోహన్ సింగ్‌ది. రూపాయి నోటు రిజర్వ్ బ్యాంకుది కాదు, కేంద్ర ప్రభుత్వానిది. అందుకే గవర్నర్ సంతకం బదులు అప్పటి ఆర్థిక శాఖ కార్యదర్శిగా ఆయన సంతకం ఉంది. నంబర్ల చివరి మూడంకెలు 701తో మొదలై 800 దాకా వరుసగా ఉన్నాయి. అంటే 786 లోపలే ఉంది.

తాతయ్య స్నేహితుడు ఒకాయన పక్క కొట్లోనే టైలరింగ్ చేసేవారు. చిన్నప్పటి నుంచి ఆయన్ని భాయి తాతయ్య అనే పిలుస్తాం. కట్ట సంగతి విని, "ఆ 786 నోటు నాకిస్తారా నాన్నా, రంజాన్‌కి నా మనవరాలి చేతిలో పెడతాను" అని అడిగారు. డబ్బు కూడా ఇస్తానన్నారు, అది మాకొద్దు. అక్క ఇచ్చెయ్యమంటోంది. అన్నయ్య ససేమిరా అంటున్నాడు, ఒక్క నోటు తీసినా కట్ట పోయినట్టేనట. మీరేమంటారు?

జయనగర్ నోట్లాయన:
మీ అన్నయ్య మాటే సరైంది. నంబర్లు ఎలా వేస్తారో చూడండి. ముందు ఉండే అక్షరాలు, అంకెలు మారకుండా 10 లక్షల నంబర్లు నడుస్తాయి. అందులో ప్రతి వెయ్యికీ ఒకటి 786తో ముగుస్తుంది. అంటే ఒక్క సిరీస్‌లోనే వెయ్యి నోట్లు. భాయిగారికి 786 రూపాయి నోటు కావాలంటే ఏ నోట్ల ప్రదర్శనలోనైనా వెతికి పెట్టొచ్చు. కానీ 1978 నాటి కట్ట, వందకి వంద, తెంచకుండా? రూపాయి నోటు దాచుకునే నోటు కాదండీ. కూరలకి, బస్సు టికెట్టుకి ఖర్చయిపోయేది. అలాంటి కట్ట ఒక కొట్టు ఇనప్పెట్టెలో ఇన్నేళ్లు నిలిచిందంటే దాన్ని కదిలించకూడదు.

ఇంకోటి. ఆ రోజుల్లో కట్టకి ఎడమ పక్కన మందపాటి పిన్ను కొట్టేవారు. 2001లో రిజర్వ్ బ్యాంకు ఇక పిన్నులు కొట్టొద్దని బ్యాంకులకి చెప్పేదాకా అదే పద్ధతి. కింద నుంచి పదిహేనో నోటు బయటికి రావాలంటే ఆ పిన్ను పీకాల్సిందే.

మారతహళ్లి టెకీ:
786కి లక్షలిస్తామని ఆన్‌లైన్‌లో యాడ్స్ చూశాను. ముందు రేటు కనుక్కోండి బ్రో.

జయనగర్ నోట్లాయన:
దయచేసి ఆ దారికి పోవద్దు. పాత నోట్లు కొంటామని చెప్పి కమిషన్, పన్ను అంటూ మన దగ్గరే డబ్బు గుంజుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది.

యలహంక అక్క:
నేను ఇచ్చెయ్యమనే అంటాను. నేనూ పదిహేనేళ్లుగా నోట్లు సేకరిస్తున్నాను, వరుస విలువ నాకు తెలుసు.

ఆ వరుస ఎందుకు పెట్టారు? లెక్క తప్పకుండా ఉండటానికి. అచ్చులో ఒక నోటు పాడైతే 2006 వరకూ అదే నంబరుతో ఇంకోటి వేసి అక్కడే పెట్టేవాళ్లు, అంత పట్టింపు. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు ఆ పట్టింపు వదిలేసింది. అప్పుడు గవర్నర్ మన వై.వి.రెడ్డి గారే. 10, 20, 50 రూపాయల కట్టల్లో పాడైన నోటు స్థానంలో నంబరు ముందు నక్షత్రం గుర్తున్న నోటు పెట్టడం మొదలైంది. నంబర్ల వరుస తెగింది, కానీ తెగినట్టు కట్ట మీది పట్టీ మీదే రాశారు. దాచలేదు. (ఆ నక్షత్రం నోట్లు దొంగనోట్లని 2023లో పుకారు లేచింది. చెల్లుతాయని మళ్లీ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.)

మీరూ అలాగే చేయండి. 786 తీసిన చోట చీటీ పెట్టి, ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో రాయండి. రేపు ఆ కట్ట చూసినవాళ్లకి చిక్కపేటలో రెండు కొట్ల మధ్య ఏం జరిగిందో కూడా తెలుస్తుంది. ప్రదర్శనలో కొన్న 786 భాయిగారికి ఎందుకండీ? బిస్మిల్లా వాక్యంలోని అరబిక్ అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య అది, నోటు ఏదైనా సంఖ్య ఒకటే. ఆయన అడుగుతున్నది సంఖ్య ఒక్కటే కాదు, స్నేహితుడి పెట్టెలోంచి వచ్చిన నోటు.

జయనగర్ నోట్లాయన:
అక్కా, పోలిక కుదరలేదు. నక్షత్రం నోటు పెట్టినా ఆ కట్టలో వంద ఉండేవి. వీళ్ల కట్టలో 99 మిగులుతాయి. చీటీ రూపాయి కాదు కదా.

యలహంక అక్క:
కాదు. ఒప్పుకుంటున్నాను. అయినా ఇవ్వాలనే అంటాను.

రిటైర్డ్ క్యాషియర్, బనశంకరి:
ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇంటి విషయం బాబూ. తీసేటట్టయితే మాత్రం స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు. మేం కౌంటర్లో అలాగే పీకేవాళ్లం, అందుకే పాత నోట్లన్నిటికీ ఎడమ పక్కన చిరుగులు. కట్టని బోర్లా పెట్టి, పిన్ను మడిచిన కాళ్లని సన్నటి మొద్దు చాకుతో నిదానంగా నిటారుగా లేపండి. తుప్పు పట్టి ఉంటే కాలు విరుగుతుంది, విరగనివ్వండి, కాగితాన్ని లాగకండి. ముందు వంద నంబర్లూ ఫోటోలు తీసుకోండి.

చిక్కపేట మనవడు:
అందరికీ థాంక్స్. ఆదివారం తీశాం. క్యాషియర్ గారూ, మీరన్నట్టే ఒక కాలు విరిగింది, నోటు చిరగలేదు. పిన్ను కన్నాల చుట్టూ గోధుమరంగు మరక మాత్రం వంద నోట్లకీ ఉంది. భాయి తాతయ్య నోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ రెండు కన్నాల్లోంచి వెలుతురు చూసి, చొక్కా జేబులో కాకుండా కళ్లద్దాల పెట్టెలో పెట్టుకున్నారు. 786 చోట మా అక్క చీటీ పెట్టింది. అన్నయ్య మిగతా 99 నంబర్లూ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు, ఇంకా కోపంగానే ఉన్నాడు.