నీటికాసులకు లేజర్ చేయిస్తే ఫలితం ఎన్నేళ్లు నిలుస్తుంది?

ప్రశ్న:
మా అమ్మగారికి 62 ఏళ్లు. ఓపెన్ యాంగిల్ గ్లాకోమా, అంటే కంట్లో నీరు బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకం నీటికాసులు, ఉన్నట్టు గత నెలలో తేలింది. కంటి ప్రెషర్ కుడివైపు 26, ఎడమవైపు 24 ఉంది. చుక్కల మందుతో మొదలుపెట్టవచ్చునని, లేదా ముందే ఎస్ఎల్‌టీ అనే లేజర్ చేయించవచ్చునని చెప్పి, డాక్టరుగారు నిర్ణయం మాకే వదిలారు. ఇదివరకు కళ్లు పొడిబారినప్పుడు ఇచ్చిన చుక్కలే, చేతులు వణకడం వల్ల, సగం చెంప మీదికి జారిపోయేవి. లేజర్ ప్రభావం కొన్నేళ్లకు తగ్గిపోతుందంటున్నారు, నిజమేనా?

సమాధానం 1:
నిజమే, అయినా మొదటి చికిత్సగా లేజర్‌నే నేను సమర్థిస్తాను. బ్రిటన్‌లో జరిగిన లైట్ అధ్యయనంలో కొత్తగా జబ్బు బయటపడిన 718 మందిలో సగం మందికి ముందు ఎస్ఎల్‌టీ చేసి, తక్కినవారికి ముందు చుక్కలు ఇచ్చారు. లేజర్ వర్గంలో మూడేళ్లకు సుమారు 74 శాతం మందికి, ఆరేళ్లకు సుమారు 70 శాతం కళ్లలో చుక్కలు, ఆపరేషను లేకుండానే ప్రెషర్ అనుకున్న హద్దులో ఉంది. ఆరేళ్లలో లేజర్ వర్గంలో 13 కళ్లకు, చుక్కల వర్గంలో 32 కళ్లకు ట్రాబెక్యులెక్టమీ అనే, ప్రెషర్ తగ్గించే ఆపరేషను అవసరమైంది. అయితే కొందరికి లేజర్ రెండోసారి కూడా చేశారు కాబట్టి, ఒక్కసారి చేయిస్తే ఆరేళ్లు నిశ్చింత అని దీన్ని చదువుకోకూడదు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే జల్లెడను ఈ లేజర్ పాత ఆర్గాన్ లేజర్‌లా కాల్చి మచ్చ కట్టించదు. మళ్లీ చేయడానికి వీలున్నది అందుకే.

సమాధానం 2:
నాకు చేసి ఎనిమిదేళ్లయింది. మొద్దుబార్చే చుక్క వేసి, జెల్ రాసిన అద్దాన్ని కంటికి ఆనించారు. పచ్చటి మెరుపులు తప్ప నాకేమీ తెలియలేదు, రెండు కళ్లకూ పావుగంట పట్టలేదు. మర్నాటికే గుణం కనిపిస్తుందనుకున్నాను గానీ, ప్రెషర్ 25 నుంచి 17కు దిగడానికి ఆరు వారాలు పట్టింది. నాలుగేళ్లు అలాగే ఉండి, ఐదో ఏట 22కు ఎక్కింది. నొప్పి లేదు, మసక లేదు. చుక్కలు వేసుకునే పని లేదు కదా అని అప్పటికే రెండు పరీక్షలు ఎగ్గొట్టాను. ఆ వ్యవధిలో ఎడమకంటికి ముక్కువైపు చూపులో చిన్న భాగం పోయింది, అది ఇక రాదు. రెండోసారి లేజర్ చేశాక 18 దగ్గర ఉంది, రాత్రిపూట ఒక చుక్క తోడైంది.

సమాధానం 3:
ఒక సంగతి చేర్చాలి. కోణం మూసుకుపోయే రకంలో ఐరిస్‌కు (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకు) చిన్న రంధ్రం పెట్టే లేజర్ వేరు. పై అంకెలు దానికి వర్తించవు. మీ అమ్మగారిది తెరిచిన కోణమే కాబట్టి ఇబ్బంది లేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. లేజర్‌కే ఒప్పుకున్నాము. ఆరు వారాల తరవాతి పరీక్షకే కాక, ఆ పై ఏడాది పరీక్షలకు కూడా తేదీలు ఇప్పుడే అడిగి రాయించుకుంటాను.