“అప్పగించుకొనుచున్నాను”: ఆ ‘కొను’ ఎందుకు చేరింది?

ఆమదాలవలస నుంచి:
గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో ఈసారి ఏడో మాట నాకు ఇచ్చారు. లూకా 23:46, “తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను.” ఇది 31వ కీర్తన 5వ వచనమే. అయితే మన బైబిల్లో కీర్తన దగ్గర “అప్పగించుచున్నాను” అనే ఉంది. లూకాలో ‘కొను’ ఎందుకు వచ్చింది? మౌన ప్రార్థనలో రోజూ ఈ మాటే పట్టుకుని కూర్చుంటాను. యూదా యేసును పట్టించినదానికీ ‘అప్పగించు’ అనే ఉండటం నన్ను చాలా కలవరపెడుతోంది.

విజయనగరం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
తేడా ఉందమ్మా. వండాడు, వండుకున్నాడు. ‘కొను’ చేరితే పని చేసినవాడు ఆ పనిలో తానూ ఉంటాడు. లూకా గ్రీకులో ఇక్కడ వాడిన ‘పరతిథెమై’ కూడా మన సంస్కృత ఆత్మనేపదం లాంటి రూపమే, అంటే పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెప్పే క్రియారూపం. అనువాదకులు అది చూసే రాశారో, తెలుగు చెవి అలా పలికించిందో గానీ, చక్కగా కుదిరింది.

దాని అర్థం ఇంకా బాగుంటుంది. భద్రంగా ఉంచమని నమ్మకస్తుడి దగ్గర దాచడం. 2 తిమోతి 1:12లో “నేను ఆయనకు అప్పగించినదానిని... ఆయన కాపాడగలడని” అన్నచోట మూలంలో ఉన్న నామవాచకం ఈ క్రియ నుంచి పుట్టిందే. నేను వైష్ణవుణ్ణి. మా శరణాగతికి చెప్పే ఆరు అంగాల్లో ‘ఆత్మనిక్షేపం’ ఒకటి. నిక్షేపమన్నా దాచమని ఇచ్చిన సొమ్మే. ఈ వచనం చదివితే నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

బొబ్బిలి నుంచి:
యూదా సంగతి. అక్కడ గ్రీకు క్రియ వేరు, ‘పరదిదోమి’. లూకా ఏడో మాటలో అది లేదు. కానీ యోహాను 19:30 చూడండి: “తల వంచి ఆత్మను అప్పగించెను.” అక్కడ మాత్రం యూదాకు వాడిన క్రియే! కాబట్టి తెలుగు రెండింటినీ కలిపేసిందని అనుకోనక్కర్లేదు. మనుషులు ఆయన్ని చేతులు మార్చుకుంటూ పోయారు: యూదా యాజకులకు, యాజకులు పిలాతుకు, పిలాతు సైనికులకు. చివరి అప్పగింత మాత్రం ఆయనే చేశాడు. పెళ్లి అప్పగింతల్లో పిల్లని వేరొకరు అప్పగిస్తారు. ఇక్కడ ఇచ్చేవాడూ ఇవ్వబడేదీ ఒకరే. లూకాలోని ‘కొను’ దీన్నే స్పష్టంగా చూపిస్తుంది.

శ్రీకాకుళం నుంచి, ఒక సిస్టర్:
మా కతోలిక రాత్రి ప్రార్థనలో నిద్రకు ముందు ఈ వాక్యమే జవాబుగా చెబుతాం. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలమంతా అల్లెలూయా పలకం. పాస్కా (ఈస్టర్) కాలం వచ్చాక, మొదటి ఎనిమిది రోజులు దాటిన దగ్గర్నుంచి, ఈ వాక్యం చివరనే రెండు అల్లెలూయాలు చేరతాయి. చనిపోతూ పలికిన మాటకు అల్లెలూయా! పాస్కా జాగరణలో చదివే రోమా 6లో “నూతనజీవము” కూడా పాతిపెట్టబడిన తర్వాతే వస్తుంది కదా.

మౌనంలో కూర్చున్నప్పుడు మనసును ఖాళీ చేయాలని పంతం పట్టకండమ్మా. పిల్లల ఫీజు గుర్తొస్తుంది, పాత కోపం గుర్తొస్తుంది. ఒక్కొక్కటీ “నీ చేతికి” అని పెట్టేయండి. అది మళ్లీ వస్తే మళ్లీ పెట్టండి. ఓడిపోయినట్టు కాదు, ప్రార్థనంతా ఇదే.

ఆమదాలవలస నుంచి:
వందనాలు సిస్టర్, మాస్టారూ. కీర్తనలో ఆ వచనం రెండో సగం “నన్ను విమోచించువాడవు నీవే.” సిలువ మీద ఆ సగం వినబడలేదు. దాన్ని ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనలో చదవనివ్వమని మా పాస్టర్ అయ్యగారిని అడుగుతాను.